షోలాపూర్ పిల్ల ఎక్కడి పిల్ల?

డయాస్పోరా సాహిత్యం అనగానే మన తెలుగు శాఖల్లో బల్ల మీదికి ఏ పుస్తకాలు వస్తాయో మీకందరికీ తెలుసు. అమెరికా తెలుగు కథల సంకలనాలు వస్తాయి. మంచు కురిసే ఊళ్లో ఒంటరైన ఇల్లాలు, ఇంగ్లీషులో కోపగించుకుని తెలుగులో అన్నం అడిగే కూతురు, డాలర్లు లెక్కపెట్టే మామగారు వస్తారు. ఆ కథల మీద నాకు చిన్నచూపు లేదు. స్త్రీలు రాసినవాటిలో చాలా మంచివి ఉన్నాయి, నా విద్యార్థినుల చేత చదివించాను కూడా. నా తగాదా ఆ అరకు తగిలించిన పేరుతో. పరాయి దేశంలో పెరగడం అనే అనుభవాన్ని తెలుగువాళ్లు 1960ల తర్వాత విమానమెక్కి కనుగొన్నట్టు మాట్లాడుతున్నాం. అంతకు తరాల ముందే మగ్గం అమ్ముకుని, చంకన పిల్లనేసుకుని సిద్దిపేట నుంచి షోలాపూర్‌కు పోయిన పద్మశాలి ఆడవాళ్లు ఆ అరలో ఎక్కడా లేరు. వాళ్ల బిడ్డలు పరాయి బడిలో, పరాయి భాషలో, పరాయి వాడలో ఎట్లా పెరిగారో రాసిన పుస్తకం ఒక్కటి చూపించమంటే మన గ్రంథాలయాలు నీళ్లు నములుతాయి.

"అది వేరే దేశం కాదుగదా, పక్క రాష్ట్రమే" అని ఒక పండితుడు నాతో అన్నాడు. చరిత్ర తెలియక అన్న మాట. 1948 సెప్టెంబరు దాకా సిద్దిపేట నిజాం రాజ్యంలో ఉంది. షోలాపూర్ బ్రిటిష్ ఇండియాలో, బొంబాయి ప్రెసిడెన్సీలో ఉంది. నిజాం రాజ్యానికి సొంత నాణెం, సొంత తపాలా బిళ్ల, కరోడ్‌గిరి అని పిలిచే సొంత సుంకాల శాఖ ఉండేవి. ఇక్కడ హాలి సిక్కా, అక్కడ కల్దార్. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు పడ్డది, 1877లో షోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు నడిచింది. దాన్ని ఊరివాళ్లు జునీ గిర్ణీ అన్నారు. కరువులూ, మిల్లుబట్ట దెబ్బా కలిసి మెదక్, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ సాలెలను ఆ దారి పట్టించాయి. సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరులో గానీ రాలేదు కాబట్టి, సికింద్రాబాదు దాకా మనవాళ్లు ఎట్లా పోయి ఉంటారో మీరే ఊహించుకోండి. పోయినవాణ్ణి గురించి ఊళ్లో "దేశం పట్టి పోయిండు" అనేవాళ్లు. జనం నోట్లో అది దేశమే. పండితుల పుస్తకంలోకి వచ్చేసరికి పక్క జిల్లా అయిపోయింది.

సరిహద్దు ఉందా లేదా అన్న వాదనతోనే ఈ లెక్క తేలదనుకోండి. ప్రవాసం అనే మాటను మనం నిజంగా వాడుతున్నది దూరానికి కాదు, హోదాకు. సూరత్‌లో, భీమండిలో, బొంబాయిలో ఉన్న తెలుగువాళ్లు వలస కూలీలు. న్యూజెర్సీలో ఉన్నవాళ్లు ప్రవాసాంధ్రులు. బతుకమ్మ సంగతే చూడండి. 2014లో అది రాష్ట్ర పండుగ అయ్యాక లండన్‌లో ఆడితే పేపర్లో ఫొటో, సిడ్నీలో ఆడితే ఫొటో. షోలాపూర్ తూర్పు పేటల్లో, పూర్వభాగ్ అని మరాఠీవాళ్లు పిలిచే ఆ వాడల్లో, మా అమ్మలు ఎవరి అనుమతీ అడగకుండా, ఏ సంఘమూ బ్యానరు కట్టకుండా తరతరాలుగా ఆడుతూ వచ్చారు. బొంబాయిలో కామాటిపురా అనే పేటకు ఆ పేరు తెలంగాణ నుంచి పోయిన కామాటి కూలీల వల్ల వచ్చింది. ఆ నగరపు రోడ్లకూ భవనాలకూ రాళ్లు మోసిన తెలుగువాళ్ల గుర్తు అది. ఆ పేరు వినగానే మర్యాదస్తులం తల తిప్పుకుంటాం, ఎందుకో మీకు తెలుసు. మన తొలి ప్రవాసుల పేరు ఆడవాళ్ల ఒళ్లమ్మే వీధికి మిగిలిందంటే, ఆ చరిత్ర రాయవలసింది స్త్రీవాదులు కాక మరెవరు?

ఇక రాసిన కొద్దిపాటి వలస చరిత్రలో కూడా నేతగాడు వలస పోయాడు, భార్య వెంట పోయింది. ఈ "వెంట పోవడం" అనే మాట దగ్గర నేను ఆగుతాను. మగ్గం మీద కూర్చున్నది మగవాడే కావచ్చు. కండె చుట్టింది ఎవరు? ఆసు పోసింది ఎవరు? పడుగుకు గంజి పెట్టింది ఎవరు? షోలాపూర్‌లో చేతిమగ్గాలు పోయి కరెంటు సాంచాలు వచ్చాక ఆ ఇంటి పని కూడా తగ్గింది. సాంచా కార్ఖానాలో పగార్ మగవాడికి. ఆడవాళ్ల ఒళ్లోకి చాట వచ్చింది. తునికాకు, తంబాకు, కత్తెర, దారం. షోలాపూర్ బీడీ పరిశ్రమ నిలిచింది ప్రధానంగా తెలుగు ఆడవాళ్ల వేళ్ల మీద. మగవాడి మిల్లు మూతపడ్డప్పుడల్లా ఇల్లు నడిపింది ఆ వేళ్లే. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయంటే, రికార్డుల్లో ఈ ఆడవాళ్లు భార్యలుగా కాక కార్మికులుగా నమోదైన మొదటి చోటు అదే. షోలాపూర్ పక్కన కుంభారిలో మహిళా బీడీ కార్మికుల సహకార సంఘం పేరున, గోదూతాయి పరులేకర్ పేరుతో, పదివేల ఇళ్లు కట్టుకుని 2006లో తాళాలు అందుకున్నారు. నర్సయ్య ఆడం నాయకత్వంలో ఎర్రజెండా పట్టుకుని ఏళ్లకేళ్లు పోరాడి సాధించుకున్న ఇళ్లు అవి. వర్లీ ఆదివాసుల పోరాటం నడిపిన ఒక మరాఠీ స్త్రీ పేరు పెట్టుకున్న కాలనీలో, ఎక్కువమంది తెలుగు ఆడవాళ్లు, సొంత ఇంటి గడప మీద కూర్చుని బీడీలు చుట్టారు. ఇది మన మహిళా ఉద్యమ చరిత్ర కాకపోతే ఏమిటి? మనం రాసుకున్న చరిత్రలు మాత్రం రాష్ట్రపు పొలిమేర రాగానే ఆగిపోతాయి.

అటువంటి ఇంట్లో ఆడపిల్ల పెరగడం ఎట్లా ఉంటుందో చెప్పాలి. నేను అక్కడే పుట్టి అక్కడే పదో తరగతి దాకా చదివాను. మునిసిపాలిటీ తెలుగు బడి ఏడో తరగతి వరకు, ఆ తర్వాత మరాఠీ. బడి నుంచి వచ్చినాక మొదటి పని పుస్తకం తీయడం కాదు, ఆకు కత్తిరించడం. అమ్మ చుట్టినవీ నేను చుట్టినవీ కలిపి వెయ్యి కావాలి. కట్టలు అమ్మ ఇంట్లో తెలుగులో లెక్కపెట్టేది, కార్ఖానాలో గుమాస్తా ముందు అవే కట్టలు మరాఠీలో లెక్కపెట్టేది. ఆకు మంచిది కాదని, చుట్టు వదులని గుమాస్తా గుప్పెడు తీసి పక్కన పడేసినప్పుడు అమ్మ ఏ భాషలోనూ మాట్లాడేది కాదు. వాడ అవతల పిల్లలు మమ్మల్ని తెలంగీ అనేవాళ్లు. నేను తిరిగి ఏదో అని వస్తే అమ్మ నన్నే కోప్పడేది. "బతుకవచ్చిన దేశం బిడ్డా, మనం నెమ్మదిగుండాలె" అనేది. మా నాయిన అక్కడే పుట్టినవాడు. తాత కాలంలో వచ్చిన ఇల్లు అది. మూడో తరం పిల్లకు కూడా నెమ్మదిగుండడం నేర్పవలసి వచ్చింది. తమ్ముళ్లకు నేర్పలేదు. వాళ్లు వీధిలో మరాఠీ పిల్లలతో కొట్లాడి, తర్వాత దోస్తులై, ఆ ఊరిని సొంతం చేసుకున్నారు. అబ్బాయికి వలస ఊరు ఒక తరంలో సొంత ఊరు అవుతుంది. ఆడపిల్లకు ఆ గడువు ఇవ్వరు, ఎందుకంటే ఆమె ఎట్లాగూ పోయేదే.

బడిలో శివాజీని చదివాను. 1931లో ఉరికంబమెక్కిన షోలాపూర్ నలుగురు అమరుల పేర్లు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. తెలంగాణ సాయుధ పోరాటం అనేది ఒకటి జరిగిందని, మా అమ్మమ్మ ఊరి పక్కనే జరిగిందని, పెళ్లయి వచ్చాక చదివిన పుస్తకాల వల్ల తెలిసింది.

పందొమ్మిదో ఏట సిద్దిపేటకు కోడలినై వచ్చాను. పెళ్లిచూపుల్లో అడిగిన ప్రశ్న ఒకటే, పిల్లకు బీడీలు చేసుడు వచ్చునా అని. ఈ ప్రాంతంలో ఆ కాలంలో పెళ్లయిన శాలోళ్ల ఆడవాళ్లను ఎవరినడిగినా ఇదే చెప్తారు. వచ్చు అన్నాం. వచ్చిన వారానికి ఇక్కడి కార్ఖానా నుంచి ఆకూ తంబాకూ వచ్చినయి. నువ్వెక్కడ పుట్టినవు, ఏ బడిలో చదివినవు అని సేటు అడగలేదు. నా వేళ్లు స్థానికమో కాదో ఎవరికీ పట్టలేదు.

నోరు మాత్రం పట్టింది. పల్లికాయను శేంగ అన్నానని ఆడిబిడ్డలు పడిపడి నవ్వారు. "ఏంది వదినె, ఆ మాట మల్లొకపారి అను" అని నలుగురిలో అడిగి అనిపించుకునేవాళ్లు. అక్కడ తెలంగీని, ఇక్కడ షోలాపూర్ పిల్లను. మా అత్త మంచిదే, కానీ ఆమె కూడా ఇరవై ఏళ్ల దాకా నన్ను పేరుతో పిలవలేదు. విచిత్రమేమిటంటే పగార్, దవాఖాన, గిర్ని, కార్ఖానా అన్న మాటలు రెండు ఊళ్లలోనూ ఒకటే. పని మాటలన్నీ కలిశాయి, తిండి మాటల దగ్గర తేడా వచ్చింది. భాషా శాస్త్రవేత్తలు ఎవరైనా ఈ ముక్క పట్టించుకుంటే బాగుండును.

ఈ నవ్వులు ఏ కోడలికైనా తప్పనివే అంటారు. "ఆడదానికి పెళ్లే వలస" అని మన కవిత్వంలో ఎన్ని రకాలుగా అనుకోలేదు! ఆ పోలిక ఒకప్పుడు అవసరమే, దాని వెనక ఉన్న నొప్పి నిజమే. కానీ పోలిక దగ్గరే ఆగిపోయాం. అందరమూ వలస స్త్రీలమే అని ఒకసారి అనేసుకున్నాక, నిజంగా వలసపోయిన స్త్రీని విడిగా చూడవలసిన అవసరం తీరిపోయింది. ఊరి నుంచి ఊరికి పోయిన కోడలికి కొత్త ఇల్లు వస్తుంది. రాష్ట్రం నుంచి రాష్ట్రానికి వచ్చిన కోడలికి కొత్త ఫైలు వస్తుంది.

ఆ ఫైలు సంగతి. తొంభైలలో, ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ, ఆ మీద బీఈడీ పూర్తి చేసి ఉపాధ్యాయ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఒక కార్యాలయంలో నా కాగితాల మీద ఎర్ర సిరాతో నాన్‌లోకల్ అని రాశారు. అప్పటికి అమల్లో ఉన్నది 1975 రాష్ట్రపతి ఉత్తర్వు. పదో తరగతి పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడ చదివినవాళ్లు స్థానికులు. జిల్లా స్థాయి ఉద్యోగాల్లో 80 శాతం వాళ్లవి. నేను ఆ నాలుగేళ్లూ షోలాపూర్‌లో ఉన్నాను. నా మూడు కాన్పులూ ఈ జిల్లాలోనే, ఓటు ఇక్కడే, బీడీ పీఎఫ్ ఖాతా ఇక్కడే. అవి లెక్కలోకి రావు. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు ఒకటి నుంచి ఏడో తరగతి లోపల కనీసం నాలుగేళ్లు ఇక్కడి బడిలో చదివి ఉండాలి. స్థానికుల వాటా 95 శాతానికి పెరిగింది. అంటే సిద్దిపేటకు కోడలిగా వచ్చిన షోలాపూర్ పిల్ల, భీమండి పిల్ల, సూరత్ పిల్ల, ఎంత చదివినా ఎన్నేళ్లు ఇక్కడ బతికినా, ఈ జన్మకు పరాయిదే. ఒకటో తరగతి మళ్లీ చదవలేం కదా.

ఇక్కడ నన్ను తెలంగాణ వ్యతిరేకిగా లెక్కగట్టే తొందరపాటు వద్దు. స్థానికత అనేది ఇక్కడి పిల్లలు 1969లో ప్రాణాలిచ్చి అడిగిన విషయం. పైనుంచి వచ్చి ఉద్యోగాలు పట్టుకుపోయినవాళ్ల నుంచి కాపాడుకోవడానికి కట్టుకున్న గోడ అది. ఆ గోడ ఉండాలనే అంటాను. నా ప్రశ్న ఏమిటంటే, ఈ నేల కడుపు నింపలేక బయటికి తోసిన వాళ్ల బిడ్డ తిరిగొస్తే, ఆమెను ఆ పట్టుకుపోయినవాళ్ల వరసలో ఎందుకు నిలబెట్టారు? నిబంధన రాసినవాళ్ల మనసులో ఉన్న పరాయివాడు ఎవరు? చదువుకుని, తండ్రి ఉద్యోగంతో పాటు వచ్చిన మగపిల్లవాడు. తునికాకు చాటతో వచ్చిన కోడలు వాళ్ల ఊహలోనే లేదు.

ఊహలో లేదనడానికి రుజువు చూడండి. వైద్యవిద్య సీట్లకు 2024లో తెచ్చిన జీవో 33 మీద సుప్రీంకోర్టు దాకా పోట్లాట నడిచింది. 2025 సెప్టెంబరులో కోర్టు నాలుగేళ్ల నిబంధనను సమర్థించింది. ఆ పోట్లాటలో ప్రభుత్వం కొందరికి మినహాయింపు ఇచ్చింది. ఎవరికి? రాష్ట్రం బయట పనిచేస్తున్న ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు, అఖిల భారత సర్వీసుల అధికారుల పిల్లలకు, సైన్యంలో ఉన్నవాళ్ల పిల్లలకు. న్యాయమే. తల్లిదండ్రులు పని కోసం బయటికి పోతే పిల్లకు శిక్ష ఎందుకు అన్న సూత్రం అందులో ఉంది. అదే సూత్రం షోలాపూర్ సాంచాల మీద పనిచేసినవాడి బిడ్డకు ఎందుకు వర్తించదు? బదిలీ ఉత్తర్వు ఉంటే అది సేవ, ఆకలి ఉంటే అది సొంత ఇష్టమా?

ఇంకా వెనక్కి పోతే మరో తమాషా. నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో, 1972లో సుప్రీంకోర్టు చెల్లుతాయన్న ఆ నిబంధనల్లోనే, ముల్కీ భార్య కూడా ముల్కీయే అని ఒక వాక్యం ఉంది. రాజు కాలంలో నాకు చోటు దొరికేదన్నమాట, మొగుడి పేరు మీద. ప్రజాస్వామ్యంలో అదీ పోయింది. ఆ వాక్యాన్ని తిరిగి తెమ్మని నేను అడగను. మొగుడు చస్తే, వదిలేస్తే, ఆ చోటు ఏమవుతుంది? నా చోటు నా ఏళ్ల మీద రావాలి, నా పని మీద రావాలి. 2015 నుంచి తెలంగాణలో బీడీ కార్మికులకు పింఛను ఇస్తున్నారు. దానికి పీఎఫ్ ఖాతాను రుజువుగా తీసుకుంటున్నారు. ముసలితనంలో పింఛనుకు పనికివచ్చే ఆ కాగితం, వయసులో ఉన్నప్పుడు ఈమె ఇక్కడి మనిషే అని చెప్పడానికి ఎందుకు పనికిరాదు? బడి కాగితంతో పాటు పని కాగితాన్నీ, ఇన్నేళ్ల నివాసాన్నీ స్థానికతకు ఆధారంగా ఒప్పుకోవాలని మహిళా సంఘాలు ఒక్కసారైనా అడిగాయా? తెలంగాణ ఉద్యమంలో స్త్రీల పాత్ర మీద సదస్సులు పెట్టాం. వచ్చిన తెలంగాణలో ఏ స్త్రీలు స్థానికులో అడగలేదు.

సాహిత్యం గొడవ వదిలి ఉద్యోగాల గొడవలోకి పోయానంటారేమో. నాకు రెండూ ఒకటే గొడవ. ప్రభుత్వం పెరగడాన్ని ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి వరకు కొలుస్తుంది. విమర్శకులు వలసను పాస్‌పోర్టుతో కొలుస్తారు. రెండు కొలతల్లోనూ జారిపోయేది ఒకే మనిషి. ఆమె కథ ఎవరూ రాయకపోబట్టే ఆమె నిబంధన రాసేవాళ్ల ఊహలోకి రాలేదు. అమెరికా తల్లుల బెంగ మీద ఇన్ని సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి కాబట్టి ఆ బెంగ ఇవాళ మనకు తెలుసు. భీమండిలో 1984 అల్లర్లప్పుడు పద్మానగర్‌లో తలుపులు బిగించుకుని పిల్లల్ని పట్టుకు కూర్చున్న తెలుగు తల్లుల భయం మనకు తెలియదు, ఎందుకంటే వెళ్లి అడిగినవాళ్లు లేరు.

అడగడం ఎట్లాగో తెలియదనడానికి వీల్లేదు. 1986లోనే స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాట వాళ్ల యాసలోనే రాసుకుని, అప్పటిదాకా కార్యకర్తల భార్యలుగా ఉన్నవాళ్లను చరిత్రలో మనుషులుగా నిలబెట్టింది. ఆ పద్ధతి మన చేతిలో ఉంది. ఆ పుస్తకం మీద పీహెచ్‌డీలు చేశాం, ఆ పని మాత్రం షోలాపూర్ దాకా తీసుకుపోలేదు. షోలాపూర్ తెలుగు అనేది ఒకటి ఉంది, మరాఠీ కన్నడాలు కలిసి, మన పాత మాటలు కొన్ని ఇక్కడ పోయినా అక్కడ నిలిచి. నా మేనకోడళ్లు ఇప్పుడు ఇంట్లో కూడా మరాఠీయే మాట్లాడుతున్నారు. నేను వాళ్లను తప్పుపట్టను, వాళ్లకు ఆ ఊళ్లో బతుకు ఉంది. కానీ తెలుగులో లెక్కపెట్టి మరాఠీలో అప్పజెప్పిన ఆ తరం ఆడవాళ్లకు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. పొగాకు ధూళికి ఊపిరితిత్తులు పోయి సగంమంది ఇప్పటికే మంచంలో ఉన్నారు.

రాబోయే దసరా సెలవుల్లో నేను విడీ ఘర్కుల్‌లో పది రోజులు ఉంటున్నాను. మా పిన్ని ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చోటుంది. రికార్డు చేసేవాళ్లు కావాలి, మరాఠీ రాకపోయినా ఫరవాలేదు, తెలుగు యాసకు నవ్వకుండా వినగలిగితే చాలు. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లు పీహెచ్‌డీ పిల్లలను పంపగలిగితే ఇంకా మంచిది. పొద్దున పూట వెళ్లకండి, వాళ్లు కార్ఖానాకు పోతారు. మధ్యాహ్నం రెండు తర్వాత, చాట ఒళ్లో పెట్టుకున్నప్పుడు మాట్లాడుతారు.